క్రాష్ అయింది ఒక మెషీన్‌లో, కారణం ఇంకో మెషీన్‌లో

మా ల్యాబ్ క్లస్టర్‌లో నోడ్‌లు (కలిసి పనిచేసే మెషీన్‌లు) ఉన్నట్టుండి రీబూట్ అవడం మొదలైంది. ఒకటి పడిపోతుంది, లేస్తుంది, కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత ఇంకోటి. లేచాక లాగ్ చూస్తే ఏమీ ఉండదు. చివరి లైను ఏదో వేళకి తనంతట తానే నడిచే మామూలు క్రాన్ జాబ్‌ది, దాని కిందే కొత్త బూట్ మెసేజ్. "అన్నా, ర్యామ్ పోయిందేమో" అన్నాడు నాతో పనిచేసే కుర్రాడు. రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపితే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అయినా అన్ని నోడ్‌లలో ర్యామ్ వరసగా పాడవుతుందా?

లాగ్ ఖాళీగా ఉండటంలో వింతేం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నలే ప్యానిక్ అయ్యి కూలాక డిస్క్ మీద రాసేదెవరు? లినక్స్‌లో కేడంప్ ఉన్నది ఇందుకే. బూట్ అయ్యేటప్పుడే కొంత ర్యామ్ పక్కన పెట్టి, అందులో రెండో కెర్నల్‌ను సిద్ధంగా ఉంచుతుంది. మొదటిది కూలగానే రెండోది లేచి, పాతదాని మెమరీని వీఎంకోర్ ఫైల్‌గా రాసిపెడుతుంది. మా నోడ్‌లలో అది ఆన్‌లోనే ఉన్నా డంప్ రాలేదు. పక్కన పెట్టిన ర్యామ్ చాలక రెండో కెర్నల్ మధ్యలోనే చతికిలబడుతోంది. దాన్ని 512 ఎంబీకి పెంచాం. డంప్ లోకల్ డిస్క్‌కే వెళ్లేలా పెట్టాం, ఎందుకంటే మా అనుమానమంతా నోడ్‌లన్నీ కలిసి వాడే షేర్డ్ స్టోరేజ్, అంటే సెఫ్ మీదే. సర్వీస్ స్టేటస్ పచ్చగా కనిపిస్తే నేనైతే నమ్మను. కెర్నల్‌కి నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూతో కావాలనే ఒక నోడ్‌ను కూల్చి, ఫైల్ వచ్చిందని కళ్లారా చూశాకే మిగతావాటికి పెట్టాం.

తర్వాత పడిన నోడ్ డంప్ ఇచ్చింది. క్రాష్ అనే టూల్‌లో దాన్ని తెరవాలంటే సరిగ్గా అదే వెర్షన్ కెర్నల్ డీబగ్ సింబల్స్ ఉండాలి. చిన్న తేడా ఉన్నా కుదరదు. బ్యాక్‌ట్రేస్‌లో (కూలేముందు నడిచిన ఫంక్షన్ల వరసలో) కనిపించింది జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్, అంటే చెల్లని మెమరీ అడ్రస్‌ను ముట్టుకోవడం. నల్ పాయింటర్ (ఖాళీ అడ్రస్) అయితే విలువ సున్నాకి దగ్గర్లో ఉండేది. ఇక్కడ ప్రాసెసర్‌లోని ఒక రిజిస్టర్‌లో డి, ఇ, ఎ, డి అక్షరాలతో మొదలై, సున్నాల వరస తర్వాత 100తో ముగిసే విలువ ఉంది. అది చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. లింక్డ్ లిస్ట్‌లోంచి ఒక ఎంట్రీని తీసేసినప్పుడు కెర్నల్ దాని నెక్స్ట్ పాయింటర్‌లో (తర్వాతి ఎంట్రీని చూపేదాంట్లో) కావాలనే ఈ విలువ పెడుతుంది, మళ్లీ ఎవరైనా ముట్టుకుంటే దొరికిపోవాలని. అంటే ఒకేసారి నడిచే పనుల్లో ఒక థ్రెడ్ తీసేసిన ఎంట్రీని ఇంకో థ్రెడ్ వాడబోయింది. ఆ ఫంక్షన్లన్నీ నోడ్‌ను సెఫ్ ఫైల్ సిస్టమ్‌కి కలిపే కెర్నల్ క్లయింట్‌వి, సెషన్ మూసేటప్పుడు క్యాప్స్‌ను తీసేసే చోటివి.

క్యాప్స్ అంటే అనుమతులు. సెఫ్‌లో డేటా డిస్క్‌లను చూసుకునే ఓఎస్‌డీల్లో ఉంటుంది, ఫైళ్ల పేర్లు, వివరాలు మెటాడేటా సర్వర్ (ఎండీఎస్) చూసుకుంటుంది. వెనకటి ఊళ్లలో పొలాలు ఎక్కడున్నా దస్తరం కరణం దగ్గర ఉన్నట్టు. ఏ నోడ్ ఏ ఫైల్‌ను చదవొచ్చో, రాయొచ్చో, క్యాష్‌లో ఉంచుకోవచ్చో ఈ ఎండీఎస్సే చెబుతుంది.

అసలు సంగతి డంప్‌లోని కెర్నల్ లాగ్‌లో దొరికింది. డిస్క్‌కి చేరని ఆఖరి లైన్లు మెమరీలో భద్రంగా ఉన్నాయి: ఎండీఎస్ హంగ్, రీకనెక్ట్ స్టార్ట్, రీకనెక్ట్ డినైడ్, వెంటనే ప్యానిక్. కెర్నల్ లాగ్‌లో టైమ్ బూట్ అయినప్పటి నుంచి సెకన్లలో ఉంటుంది. దాన్ని గడియారం టైమ్‌లోకి మార్చి ఎండీఎస్ సర్వర్ లాగ్ పక్కన పెట్టి చూస్తే, సరిగ్గా అప్పుడే అక్కడ మెమరీ నిండితే ప్రాసెస్‌లను ఆపే ఓఓఎం కిల్లర్ ఎండీఎస్‌ను చంపేసింది, స్టాండ్‌బైగా ఉన్న ఇంకో ఎండీఎస్ పగ్గాలు తీసుకుంది. కొత్త ఎండీఎస్ పాత క్లయింట్ల కోసం డిఫాల్ట్‌గా 45 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ లోపు రాలేకపోయిన నోడ్ సెషన్ పోతుంది. అలా పోయిన నోడే క్యాప్స్ తీసేస్తూ కూలిపోతోంది. ఎండీఎస్ మెమరీ ఎందుకు నిండిందంటే, ఒక ట్రైనింగ్ జాబ్ లక్షల చిన్న ఇమేజ్ ఫైళ్లను తెరిచి వాటి క్యాప్స్‌ను వదలకుండా పట్టుకుంది.

టెస్ట్ క్లస్టర్‌లో టార్ ఫైల్ (చాలా ఫైళ్లను ఒకటిగా కట్టిన ఫైల్) విప్పుతూ, ఎండీఎస్‌ను స్టాండ్‌బైకి మార్చి, క్లయింట్‌కి 45 సెకన్లు దాటేదాకా ఫైర్‌వాల్ అడ్డుపెట్టాం. అచ్చం అదే బ్యాక్‌ట్రేస్ వచ్చింది. కొత్త కెర్నల్‌తో అదే పని ఎంతసేపు చేసినా రాలేదు. రెండు కెర్నల్‌ల సోర్స్ పోల్చి చూస్తే ఆ చోట లాక్ (రెండు థ్రెడ్‌లు ఒకేసారి ముట్టుకోకుండా ఆపేది) తీసుకునే వరసే మారిపోయి ఉంది.

అప్‌గ్రేడ్‌కి అనుమతి వచ్చేలోగా ఎక్కువ లోడ్ ఉన్న నోడ్‌లను సెఫ్ ఫ్యూజ్ అనే ఇంకో క్లయింట్‌కి మార్చాం. 2010లో 2.6.34 వెర్షన్‌తో లినక్స్‌లోకి వచ్చిన కెర్నల్ క్లయింట్ కంటే అది నెమ్మదే, కానీ కెర్నల్ బయట, యూజర్ స్పేస్‌లో నడుస్తుంది కాబట్టి పడితే ఆ ప్రాసెస్ ఒక్కటే పడుతుంది. ఎండీఎస్‌కి ర్యామ్ పెంచాం, ఇమేజ్‌లను పెద్ద టార్ ఫైళ్లుగా కట్టించాం. దానికి విద్యార్థులు బాగానే గొణిగారు.

ఇప్పుడు ఎండీఎస్ మారినా నోడ్ కూలదు. సెషన్ పోతే మౌంట్ (నోడ్‌కి సెఫ్‌ను తగిలించిన చోటు) ఆగి, జాబ్ ఫెయిలవుతుంది, అంతే. రికవర్ సెషన్ అనే మౌంట్ ఆప్షన్‌ను క్లీన్ అని పెడితే మౌంట్ తనంతట తానే తిరిగి కలుస్తుంది కానీ, అప్పటికి స్టోరేజ్‌కి చేరని డేటాను పారేస్తుంది. రీసెర్చ్ డేటా కదా, ఫెయిలైన జాబ్‌ను మళ్లీ నడుపుకోవడమే నయమని దాన్ని పెట్టలేదు.