వెనక సీట్లో సిగ్మా

రాత్రి భోజనాల దగ్గర "ఇవాళ స్కూల్లో ఏం చేశావు నాన్నా?" అని అడిగితే మా 12 ఏళ్ల వాడు నోరు తెరవలేదు. చూపుడు వేలు పెదవుల మీద పెట్టుకుని, అదే వేలితో దవడ వెంట చెవి దాకా గీత గీశాడు. పొగరనుకుని గట్టిగా అరిచాను. "మ్యూయింగ్ చేస్తున్నాను, మాట్లాడలేను" అని ఆ సైగకు అర్థమట, మా పెద్దమ్మాయి చెప్పింది. నాలుకను అంగిలికి ఆనించి ఉంచితే దవడ కోసుగా, మగాడిలా తయారవుతుందని ఈ కుర్రాళ్ల నమ్మకం. జాన్ మ్యూ అనే బ్రిటిష్ దంతవైద్యుడి ఇంటిపేరు నుంచి వచ్చిన మాట అది.

మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. కార్‌పూల్ వంతు నాదైనప్పుడల్లా వెనక సీట్లోంచి ఇలాంటివే వినిపిస్తాయి. రిజ్ అంటే మాటలతో అమ్మాయిల్ని ఆకట్టుకునే నేర్పు. ఇది కరిజ్మాలోని నడిమి ముక్క. 2023లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు దీన్నే ఆ ఏటి మాటగా ఎంచారు. మాగ్ చేయడమంటే అందంలో పక్కవాణ్ణి దిగదుడుపు చేయడం. వీటిని ఇంట్లో నిషేధించిన తల్లిదండ్రులు నాకు తెలుసు. నాకు అది సరైన పని అనిపించదు. వరంగల్లో మా హాస్టల్లో ఏ చుట్టరికమూ లేని ప్రతివాడూ మామే, బావే. బాగా ఆడేవాడు తోపు. పెద్దవాళ్లకు అర్థం కాకపోవడంలోనే ఉండేది సగం సరదా.

సిగ్మా దగ్గర మాత్రం ఆగాను. మందను నడిపేవాడు ఆల్ఫా అయితే, అసలు మందే అక్కర్లేనివాడు సిగ్మా అట. ఒక సాయంత్రం కారులో మేమిద్దరమే ఉన్నప్పుడు "నేను సిగ్మా నాన్నా, నాకెవరూ అక్కర్లేదు" అన్నాడు.

వాడికి తోడేళ్ల సంగతి చెప్పాను. ఈ ఆల్ఫా మాటకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ చేసిన పరిశోధన. ఆయన చూసింది జూలో ఉంచిన తోడేళ్లను. డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్త 1970లో తన పుస్తకంలో అదే రాశాడు కానీ, అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి దగ్గర్నుంచి చూశాక 1999లో దిద్దుకున్నాడు. అడవిలో మంద అంటే మామూలుగా ఒక కుటుంబం, ముందు నడిచేవి అమ్మానాన్నలే అని.

"మరి ఒంటరి తోడేలు?"

"అది చాలావరకు ఇల్లు వదిలిన కుర్ర తోడేలురా. తోడు వెతుక్కుంటూ తిరుగుతుంటుంది."

రెండు సిగ్నళ్లు దాటేదాకా పలకలేదు. తర్వాత చెప్పాడు. ఆగస్టులో వాడి స్నేహితుడు వేరే ఊరు వెళ్లిపోయినప్పటి నుంచి లంచ్‌లో ఒక్కడే కూర్చుంటున్నాడట. ఎవరైనా అడిగితే సిగ్మానంటున్నాడట. భోజనాల దగ్గర నేను అరిచిన అరుపు గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో తెలుగే మాట్లాడాలని మా నియమం. ఇప్పటికీ అది మంచిదనే అంటాను. కానీ "నాకు ఒంటరిగా ఉంది" అని తెలుగులో ఎలా చెప్పాలో మేమెప్పుడూ నేర్పలేదు. వాడి దగ్గరున్న మాట సిగ్మా. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడని ఇంటి మలుపు తిరగకుండా కారు ఇంకో చుట్టు తిప్పాను.

పోయిన శనివారం వాడి క్లాసు పిల్లవాణ్ణి ఒకణ్ణి ఇంటికి పిలిచాం. తలుపు తీయగానే అటునుంచి "బ్రో!", ఇటునుంచి "బ్రో!" అరగంటకల్లా పైగదిలో ఎవరు ఎవర్ని మాగ్ చేశారన్న గొడవ మొదలైంది. మా ఆవిడ దోశలు పోస్తూ రెండుసార్లు పిలిచింది, వినిపించుకోలేదు. మూడోసారి పిలిస్తే ఇద్దరూ మెట్లమీద దబదబలాడుతూ దిగొచ్చారు.