బ్రాండ్ మేనేజ్‌మెంట్ ఇంటర్వ్యూలు: నా అనుభవం

నిత్యావసర వస్తువులు తయారుచేసే ఒక పెద్ద కంపెనీలో అసిస్టెంట్ బ్రాండ్ మేనేజర్‌గా ఎంపికైన తరువాత, ఇదే ఉద్యోగానికి సిద్ధమవుతున్నవారికి ఉపయోగపడాలని ఈ అనుభవం రాస్తున్నాను. ప్రకటనలు తీయించడమే ఈ పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక బ్రాండు అమ్మకాలు, లాభనష్టాలు, ధర, ప్యాకింగ్, ప్రచారం అన్నిటికీ ఒక్కరే జవాబుదారీ వహించాల్సిన పని ఇది.

ఆన్‌లైన్ పరీక్షలో పట్టికలూ గ్రాఫులూ చూసి త్వరగా లెక్క కట్టగలిగితే చాలు. ఆ తరువాతి ఇంటర్వ్యూ అంతా నేను గతంలో చేసిన పనుల మీదే సాగింది. "మేము చేశాం" అన్న ప్రతిచోటా "అందులో మీరు స్వయంగా చేసిందేమిటి?" అని అడిగారు. ఎవరు వ్యతిరేకించారు, వారిని ఎలా ఒప్పించారు, ఫలితం అంకెల్లో ఎంత అన్నంతవరకూ తరచి తరచి అడుగుతారు కాబట్టి, నిజంగా దగ్గరుండి నడిపిన పనులనే ఎంచుకోవడం మంచిది.

అన్నిటికంటే కీలకమైనది కేస్ ఇంటర్వ్యూ, అంటే ఒక వ్యాపార సమస్య ఇచ్చి అక్కడికక్కడే పరిష్కరించమనడం. ఒక షాంపూ బ్రాండు అమ్మకాలు ఏడాదిగా పడిపోతున్నాయి, కారణం ఎలా కనిపెడతారని ఒక సీనియర్ మేనేజర్ గారు అడిగారు. మొత్తం షాంపూల మార్కెట్టే తగ్గిందా, మన వాటా మాత్రమే తగ్గిందా అని ముందుగా అడిగాను. వాటానే తగ్గిందన్నారు. అప్పుడు అమ్మకాలను కొనే ఇళ్ల సంఖ్య, ఏడాదిలో ఎన్నిసార్లు కొంటారు, ఒక్కోసారి ఎంత కొంటారు అని మూడు భాగాలుగా విడదీశాను. ఆమె ఒక పట్టిక నా ముందుంచారు. మొదటి రెండూ నిలకడగానే ఉన్నాయి, మూడవది తగ్గింది. పెద్ద సీసా వరుసను గమనిస్తే, దాన్ని ఉంచే దుకాణాల సంఖ్య దాదాపు మారలేదు గానీ, ఎక్కువ వ్యాపారం జరిగే దుకాణానికి ఎక్కువ విలువనిచ్చి లెక్కగట్టే వెయిటెడ్ డిస్ట్రిబ్యూషన్ బాగా పడిపోయింది. అంటే ఎక్కువ వ్యాపారం జరిగే పెద్ద దుకాణాల్లోనే ఆ సీసా దొరకడం లేదు. "అయితే కొత్త ప్రకటన వేద్దామా?" అని ఆమె అడిగారు. అరలో లేని సరుకుకు ప్రకటన వల్ల ప్రయోజనం ఉండదని, ఆ దుకాణదారులు దాన్ని ఎందుకు మానేశారో ముందు తెలుసుకోవాలని చెప్పాను.

ఆ వెంటనే మధ్యస్థ పరిమాణంలో ఒక కొత్త సీసా తెస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్న వచ్చింది. పాత సీసా ఒక్కోదాని మీద మార్జిన్, అంటే మిగిలే లాభం, 20 రూపాయలు, కొత్తదాని మీద 12 రూపాయలు అనుకోమన్నారు. కొత్తవి 100 అమ్ముడైతే వచ్చేది 1,200. వాటిలో 60 పాత సీసా కొనేవారే తీసుకుంటే పోయేదీ 1,200. కాబట్టి కొత్త అమ్మకాల్లో పాత సీసా నుంచి మళ్లేవి 60 శాతం దాటితే నష్టమేనని కాగితం మీద చూపించాను. ఈ లెక్క చేతికి అలవాటు కావాలని గట్టిగా చెబుతాను.

1931లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ అనే అమెరికా సబ్బుల కంపెనీలో ప్రకటనల విభాగం ఉద్యోగి నీల్ మెక్‌ఎల్‌రాయ్ రాసిన మెమో గురించి ముందే చదివి ఉండటం నాకెంతో మేలు చేసింది. ఒక్కో బ్రాండుకు ప్రత్యేకంగా బాధ్యులుండాలని, అమ్మకాలు బలహీనంగా ఉన్న ప్రాంతాలకు వారే వెళ్లి డీలర్లతో, వినియోగదారులతో మాట్లాడి కారణం తెలుసుకోవాలని అందులో ఉంది. కేస్ ఇంటర్వ్యూలో అడిగేదీ దాదాపు అదే.

చివరగా మార్కెటింగ్ డైరెక్టర్ గారు నాకు నచ్చిన ఒక ప్రకటన గురించి చెప్పమన్నారు. దృశ్యాలు ఎంత అందంగా ఉన్నాయో ఆయనకు అక్కర్లేదు. అది ఎవరి కోసం, వారి ఏ అలవాటును మార్చాలనుకుంది, వారు నమ్మడానికి వస్తువులో ఉన్న ఆధారమేమిటి అనే అడిగారు. నా వంతు వచ్చినప్పుడు, కొత్తగా చేరినవారు సొంతంగా ఏ నిర్ణయాలు తీసుకోవచ్చని అడిగాను. ధర నిర్ణయం పైస్థాయిలోనే జరుగుతుందని, ప్రకటన ఎలా ఉండాలో చెబుతూ యాడ్ ఏజెన్సీకి ఇచ్చే బ్రీఫ్ తొలి ప్రతి మాత్రం నేనే రాయాలని ఆయన వివరంగా చెప్పారు. ఆఫర్ రాగానే ఒప్పుకోవడానికి ఆ జవాబే ముఖ్య కారణం.