చేయి వణికింది
ఈరోజు బాలానగర్‌లో మా వర్క్‌షాప్‌కి ఐటీఐ ఫిట్టర్ పూర్తిచేసిన ఒక అబ్బాయి పని కోసం వచ్చాడు. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ చేతికిచ్చాను. దాని లీస్ట్ కౌంట్, అంటే దాంతో కొలవగలిగే అతి చిన్న కొలత, 0.02 మిల్లీమీటర్లని టక్కున చెప్పాడు. షాఫ్ట్, అదే యంత్రాల్లో తిరిగే గుండ్రటి కడ్డీ, కొలవమంటే మాత్రం చేయి వణికింది. "రెండేళ్లలో రెండుసార్లే పట్టుకున్నా సార్, 20 మందికి ఒక్కటే ఉండేది" అన్నాడు. తప్పు ఆ పిల్లాడిదా? మనసంతా అదోలా అయిపోయింది.

అప్రెంటిస్‌ల చట్టం, అంటే కుర్రాళ్లని పనిలో పెట్టుకుని నేర్పించే చట్టం, 1961 నుంచీ ఉంది. మాలాంటి చిన్న షెడ్లవాళ్లం ఎంతమందికి పని నేర్పాం? నేనూ ఇన్నాళ్లూ అన్నీ వచ్చినవాడే కావాలన్నాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం కూర్చుని షాఫ్ట్‌లు కొలుస్తూనే ఉన్నాం. పదకొండోది సరిగ్గా చెప్పాడు, మొహం వెలిగిపోయింది!

సోమవారం నుంచి రమ్మన్నాను, స్టైపెండ్ ఇస్తాను. పక్క షెడ్ల అన్నలూ, మీరూ ఒక్కొక్కరిని తీసుకోండి.