వెనక తెర మీద మేఘాలు వద్దు

నృత్య బృందాలకు వీడియో ఎడిటింగ్ చేయడం నా పని. నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "వెనక తెర మీద అలలో, మేఘాలో ఏవో ఒకటి కదులుతూ ఉంటే చాలు." ఆ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. చీకట్లో కదిలే వెలుగు కనిపిస్తే కన్ను అటే పోతుంది. నెలల తరబడి సాధన చేసిన నర్తకి దాని ముందు నల్లటి నీడగా మిగిలిపోతుంది.

అలా అడిగినవాళ్లకు ప్రయోగాత్మక చిత్రాల దర్శకురాలు మాయా డెరెన్ 1945లో తీసిన చిన్న చిత్రం చూపిస్తాను. మూడు నిమిషాలు కూడా ఉండదు. అది వీడియో కాదు, ఫిల్మే, కానీ మా పనికి మూలం అక్కడే ఉంది. నర్తకుడు టాలీ బీటీ చెట్ల మధ్య కాలు ఎత్తుతాడు. ఆ కాలు నింపాదిగా దిగి ఒక గదిలో నేల మీద ఆనుతుంది. కత్తిరింపు సరిగ్గా కదలిక నడుమ పడింది. కాలు దిగే తీరు రెండు చోట్లా ఒకేలా ఉండటంతో ఎక్కడా తెగినట్టు అనిపించదు. అడవి నుంచి గదిలోకి ఒక్క అడుగులో రావడం ఏ దేహానికీ సాధ్యం కాదు. ఎడిటింగ్ కూడా నృత్యరచనే అని నేను నమ్మింది ఆ షాట్ చూశాకే.

నృత్యకారుడు మెర్స్ కన్నింగ్‌హామ్, చిత్ర దర్శకుడు చార్లెస్ అట్లాస్ 1970లలో కెమెరా కోసమే నృత్యం కూర్చడం మీద పట్టుదలగా పనిచేశారు. కెమెరాకు కనిపించే చోటు లెన్స్ దగ్గర ఇరుకుగా ఉండి, వెనక్కి వెళ్లేకొద్దీ విశాలమవుతుంది. దగ్గరగా నిలబడి ఒక్క అడుగు పక్కకు వేస్తే నర్తకుడు ఫ్రేమ్ దాటిపోతాడు. వాళ్ల వీడియో 'బ్లూ స్టూడియో'లో క్రోమా కీ (ఒకే రంగు నేపథ్యాన్ని తీసేసి ఆ చోట వేరే దృశ్యం పెట్టే పద్ధతి) సాయంతో ఒకే ఫ్రేమ్‌లో ఐదుగురు కన్నింగ్‌హామ్‌లు ఆడతారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నృత్యకారిణి లూసిండా చైల్డ్స్ కూర్చిన 'డాన్స్' (1979) అనే రంగస్థల నృత్యం. సంగీతం ఫిలిప్ గ్లాస్, తెర మీద వేసే ఫిల్మ్ చిత్రకారుడు సోల్ లెవిట్‌ది. నర్తకుల ముందు పలుచని తెర, దాని మీద నలుపు తెలుపుల్లో అదే నృత్యం, అవే అడుగులు. 2009లో మళ్లీ ప్రదర్శించినప్పుడూ ఆ పాత చిత్రాన్నే వాడారు. సోలోలో తెర మీద 1979 నాటి చైల్డ్స్, తెర వెనక మరో తరం నర్తకి కలిసి ఆడతారు. అక్కడ చిత్రాన్ని తీసేస్తే ఆ నృత్యం సగమే మిగులుతుంది.

అందుకే నన్ను పిలిచే బృందాలను ఒకటే కోరుతున్నాను: ప్రదర్శనకు వారం ముందు కాదు, సాధన మొదలుపెట్టే రోజే పిలవండి.