ఫోటోలను తేదీల వారీగా సర్దే స్క్రిప్టు: ఏ తేదీని నమ్మాలి?

ఫోటోలను తేదీ ప్రకారం ఫోల్డర్లలో పెట్టే స్క్రిప్టు రాయడం పెద్ద పనేం కాదు. పైథాన్‌లో నలభై యాభై లైన్లు. ఫైల్ తీసుకో, తేదీ చూడు, ఆ పేరుతో ఫోల్డర్ లేకపోతే చెయ్యి, అందులోకి జరుపు. కిరికిరి అంతా మధ్యలో ఉన్న "తేదీ చూడు" దగ్గరే. ఒక్కో ఫోటోకు మూడు నాలుగు తేదీలు అతుక్కుని ఉంటాయి, అవి ఒకదానితో ఒకటి కలవవు. వాటిలో దేన్ని నమ్మాలో తేల్చుకోకుండా రాసిన స్క్రిప్టు చెర్వుగట్టు జాతర ఫోటోలను తీసుకెళ్లి, మీరు కొత్త హార్డ్‌డిస్క్ కొన్న రోజు ఫోల్డర్‌లో పడేస్తుంది.

అట్లా ఎందుకవుతుందంటే, చాలామంది మొదట పట్టుకునేది ఫైల్ తేదీని. విండోస్‌లో "డేట్ క్రియేటెడ్" అంటే ఫోటో తీసిన రోజు కాదు, ఆ డిస్క్ మీద ఆ ఫైల్ పుట్టిన రోజు. కాపీ చేస్తే కాపీ చేసిన రోజే వస్తుంది. "డేట్ మోడిఫైడ్" మామూలు కాపీలో నిలుస్తుంది కానీ ఫోటోను ఒకసారి తిప్పి సేవ్ చేసినా, ఎవరో పంపితే డౌన్‌లోడ్ చేసుకున్నా మారిపోతుంది. లైనక్స్‌లో సీటైమ్ అనేదాన్ని క్రియేషన్ టైమ్ అనుకుంటారు. అది ఫైల్ వివరాలు చివరిసారి మారిన సమయం. పేరు మార్చినా, పర్మిషన్ మార్చినా కదులుతుంది. అందుకని ఈ తేదీలన్నీ ఆఖరి వరుసలో కూర్చోవాలి.

ముందు వరుస ఎగ్జిఫ్‌ది. కెమెరా ఫోటో తీస్తూనే ఫైల్ లోపల రాసే వివరాలివి. ఇందులోనూ మూడు తేదీలున్నాయి: 36867 నంబరు ట్యాగ్ ఫోటో తీసిన సమయం, 36868 డిజిటల్‌గా మారిన సమయం, 306 ఫైల్‌ను చివరిగా మార్చిన సమయం. కెమెరాలో తీసిన ఫోటోకు మొదటి రెండూ ఒకటే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి సేవ్ చేస్తే 306 మారుతుంది, 36867 మామూలుగా మారదు. కాబట్టి 36867నే అడగాలి, అది లేకపోతేనే 36868, ఆ తర్వాతే 306.

పైథాన్‌లో ఫోటోలు చదివే పిల్లో లైబ్రరీ వాడేవాళ్లు చాలామంది ఇక్కడ తడబడతారు. గెట్‌ఎగ్జిఫ్ అని పిలిచి అందులో 36867 వెతికితే ఏమీ దొరకదు. "ఈ ఫోటోల్లో తేదీ లేదు" అనుకుని ఫైల్ తేదీకి దిగిపోతారు. నిజానికి ఆ ట్యాగ్ లోపలి పెట్టెలో ఉంటుంది. గెట్‌ఎగ్జిఫ్ ఇచ్చినదాని మీద గెట్_ఐఎఫ్‌డీ అని పిలిచి 34665 అనే నంబరు ఇస్తే ఆ లోపలి పెట్టె తెరుచుకుంటుంది, 36867 అక్కడ దొరుకుతుంది. బయటి పెట్టెలో దొరికేది 306 మాత్రమే. ఇంటర్నెట్‌లో తిరిగే స్క్రిప్టులు కొన్ని దాంతోనే సరిపెట్టుకుంటాయి, ఎడిట్ చేసిన ఆల్బమ్ ఫోటోలన్నీ ఎడిటింగ్ రోజుకు పోతాయి.

ఐఫోన్ ఫోటోలు ఉంటే ఇంకో మాట. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి అవి హెచ్‌ఈఐసీ రూపంలో ఉంటున్నాయి, పిల్లో వాటిని సొంతంగా తెరవలేదు. పిల్లో-హైఫ్ అనే ప్యాకేజీ కూడా వేసుకోవాలి. ఎర్రర్ వస్తే మాట్లాడకుండా ముందుకు పొమ్మని రాసుకుంటే ఆ ఫోటోలన్నీ చప్పుడు లేకుండా "తేదీ లేదు"లోకి జారిపోతాయి. ఎర్రర్‌ను మింగకండి, లాగ్‌లో రాయించండి.

ఎగ్జిఫ్‌లో తేదీ 2024:04:13 19:12:05 అని, తేదీలో కూడా కోలన్లతోనే ఉంటుంది. పార్స్ చేసేటప్పుడు హైఫన్ల నమూనా ఇస్తే ఒక్కటీ చదవదు. కొన్ని ఫైళ్లలో అన్నీ సున్నాలు, కొన్నింట్లో ఖాళీలు, కొన్నింట్లో చివర కనపడని నల్ అక్షరం ఉంటాయి. లోపలి గడియారం బ్యాటరీ అయిపోయిన కెమెరా అయితే ఏదో ఒక సంవత్సరం జనవరి 1 నుంచి మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. అట్లని జనవరి 1 తేదీలన్నిటినీ కొట్టేయొద్దు, అర్ధరాత్రి కేక్ కోసిన ఫోటోలు నిజంగానే ఉంటాయి. అనుమానం అని గుర్తు పెట్టి వదిలేస్తే చాలు. సంవత్సరం మాత్రం ఒక హద్దులో ఉండాలి: మీ మొదటి డిజిటల్ కెమెరా కన్నా ముందుదీ, రేపటిదీ అయితే నమ్మొద్దు.

ఎగ్జిఫ్ లేనప్పుడు ఫైల్ పేరు ఆదుకుంటుంది. ఫోన్లు ఎక్కువగా 20240413_191205 లాంటి పేర్లు పెడతాయి: ఎనిమిది అంకెలు, ఒక అండర్‌స్కోర్ లేదా హైఫన్, ఆరు అంకెలు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాను వెతికే సూత్రంతో) పట్టుకోవడం తేలికే కానీ, ఎనిమిది అంకెలకు ముందూ వెనుకా ఇంకో అంకె లేదని తప్పకుండా చూడాలి. ఫేస్‌బుక్ నుంచి దించిన ఫోటో పేర్లలో పదమూడు అంకెల సంఖ్య ఉంటుంది, అది 1970 నుంచి లెక్కపెట్టిన మిల్లీసెకన్లు. దాని మధ్యలోంచి ఎనిమిది అంకెలు లాగితే ఎక్కడో పనికిరాని తేదీ పుడుతుంది. పదం అంచును గుర్తించే గుర్తు ఇక్కడ పనికిరాదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అండర్‌స్కోర్‌ను కూడా అక్షరంగానే లెక్కిస్తుంది కాబట్టి అండర్‌స్కోర్ పక్కన అంచు ఉన్నట్టు దానికి తెలియదు. "ముందు అంకె లేదు, తర్వాత అంకె లేదు" అని విడిగా చెప్పాలి.

వాట్సాప్ ఫోటోలను మాత్రం విడిగా చూడాలి. మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ ఎగ్జిఫ్‌ను తీసేస్తుంది. ఆండ్రాయిడ్‌లో పేరు ఐఎంజీ-20240413-డబ్ల్యూఏ0007 అని వస్తుంది. ఆ తేదీ ఫోటో మీ ఫోన్‌కు చేరిన రోజు. లగ్గం అయిన పది రోజులకు బావమరిది పంపితే పది రోజుల తర్వాతి తేదీయే ఉంటుంది. వీటిని అసలు ఫోటోలతో కలపకుండా "వాట్సాప్" అనే వేరే ఫోల్డర్ల చెట్టులో నెలల వారీగా పెట్టడమే మంచిది. రోజు దాకా పోవడం దండగ, ఎట్లాగూ ఆ రోజు నిజం కాదు. తేదీ కావాలంటే పంపేవాళ్లను డాక్యుమెంట్‌గా పంపమనండి. అప్పుడు ఫైల్ ఉన్నదున్నట్టు, ఎగ్జిఫ్‌తో సహా వస్తుంది.

గూగుల్ పిక్సెల్ ఫోన్‌ది ఇంకో రకం. పీఎక్స్‌ఎల్ అని మొదలయ్యే ఆ పేర్లలోని సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. చెర్వుగట్టులో అగ్నిగుండాలు తొక్కేది తెల్లవారుజామున. 17వ తేదీ పొద్దుగాల 4:42కి తీసిన ఫోటో పేరులో 16వ తేదీ, 23:12 అని ఉంటుంది. పగటి ఫోటోలకు రోజు మారదు కాబట్టి ఈ తప్పు ఎవరి కంటా పడదు. అర్ధరాత్రి నుంచి పొద్దున 5:30 లోపు తీసినవే వెనక్కి పోతాయి. ఆ ఫోటోల్లో ఎగ్జిఫ్ ఉంటే అందులో స్థానిక సమయమే ఉంటుంది, దాన్నే వాడాలి. పేరు తప్ప దిక్కులేనప్పుడు, పీఎక్స్‌ఎల్ ఉన్న పేర్లకు మాత్రమే 5 గంటల 30 నిమిషాలు కలపాలి.

వీడియోలదీ ఇదే కథ. ఎంపీ4 ఫైల్‌లో తేదీని 1904 జనవరి 1 నుంచి సెకన్లుగా రాస్తారు, ప్రమాణం ప్రకారం అది యూటీసీ. ఫోన్లు ఈ నియమం పాటిస్తాయి, కొన్ని కెమెరాలు స్థానిక సమయమే రాసేస్తాయి. ఒక్కో కెమెరాతో ఒక వీడియో తీసి, గోడ గడియారంతో పోల్చి చూసుకోవడం తప్ప దారి లేదు. ఆ గడి ఖాళీగా ఉంటే, సొంతంగా లెక్క కట్టే స్క్రిప్టు 1904 అనే ఫోల్డర్‌ను పుట్టిస్తుంది.

ఇక రోజు ఎప్పుడు మారుతుందన్నది. కంప్యూటర్‌కు రాత్రి 12కి మారుతుంది, లగ్గానికి మారదు. బారాత్ పదకొండుకు మొదలై ఒంటిగంటకు ఇంటికి చేరితే ఫోటోలు రెండు ఫోల్డర్లలో చీలిపోతాయి. సద్దుల బతుకమ్మ రాత్రి కూడా అంతే. దీనికి తేలిక ఉపాయం, ఫోల్డర్ పేరు లెక్కించేటప్పుడు మాత్రమే సమయంలోంచి నాలుగు గంటలు తీసేయడం. రాత్రి 1:30 ఫోటో ముందు రోజుకు పోతుంది, 4:42 అగ్నిగుండం ఫోటో 0:42 అయి అదే రోజులో నిలుస్తుంది. ఐదు గంటలు తీస్తే అగ్నిగుండం కూడా ముందు రోజుకు జారుతుంది. గీత ఎక్కడ గీయాలన్నది మీ దగ్గరున్న ఫోటోలను బట్టి ఉంటుంది, కానీ గీసేది ఫోల్డర్‌కే. ఫైల్ లోపలి సమయాన్ని ముట్టుకోవద్దు.

స్టూడియో వాళ్లకు ఇంకో చిక్కు. ఒకే లగ్గానికి రెండు కెమెరాలు, రెండు గడియారాలు. ఒకటి ఏడు నిమిషాలు ముందుంటే, తాళి కట్టక ముందే తలంబ్రాలు వచ్చేస్తాయి. పని మొదలుపెట్టే ముందు రెండు కెమెరాలతోనూ ఒకే ఫోన్ గడియారాన్ని, సెకన్లు కనపడేలా, ఒక్కో ఫోటో తీయాలి. ఆ ఫోటోలో కనపడే సమయానికీ దాని ఎగ్జిఫ్‌కూ ఉన్న తేడాయే ఆ కెమెరాకు సవరణ. స్క్రిప్టులో కెమెరా మోడల్ పేరుకు ఎదురుగా సవరణ సెకన్లు రాసిపెట్టుకోవచ్చు; మోడల్ 272 ట్యాగ్‌లో ఉంటుంది. రెండూ ఒకే మోడల్ అయితే ఇది పనిచేయదు, ఒక్కో కార్డును వేరు ఫోల్డర్‌లోకి దించుకుని ఫోల్డర్‌ను బట్టి సవరించాలి.

రెండు నికాన్‌లు ఉంటే పేర్లు కూడా గుద్దుకుంటాయి. రెండింటిలోనూ డీఎస్‌సీ_0001 ఉంటుంది. ఒక్క కెమెరా అయినా 9999 తర్వాత మళ్లీ 0001కే వస్తుంది. ఇక్కడే ఫోటోలు పోతాయి. పైథాన్‌లో ఫైల్ పేరు మార్చే ఓఎస్ రీనేమ్ విండోస్‌లో అదే పేరు ఉంటే ఎర్రర్ ఇస్తుంది. లైనక్స్‌లో అడక్కుండా పాతదాని మీద రాసేస్తుంది. ఫైళ్లను జరిపే షుటిల్ మూవ్ లోపల వాడేది కూడా దాన్నే. కాబట్టి జరపక ముందే అక్కడ ఆ పేరు ఉందేమో చూడాలి. ఉంటే ముందు సైజు పోల్చాలి. సైజు వేరైతే ఫోటోలు వేరు, చివర _1 తగిలించాలి. సైజు ఒకటే అయితే ఎస్‌హెచ్‌ఏ-256 అనే హాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కించాలి, ఫైల్ మొత్తం ఒకేసారి మెమరీలోకి ఎత్తకుండా ఒక్కో ఎంబీ చొప్పున చదువుతూ. హాష్ కూడా కలిస్తే అది నకలు. నకళ్లను చెరిపేయకుండా "డబుల్" ఫోల్డర్‌లో పెట్టి, తర్వాత కళ్లతో చూసి తీసేయండి.

రా ఫైళ్లు (కెమెరా ఇచ్చే ముడి ఫోటోలు) తీసేవాళ్లు జంటలను విడదీయొద్దు. డీఎస్‌సీ_0412 జేపీజీ, అదే పేరున్న ఎన్‌ఈఎఫ్ (నికాన్ రా ఫైల్), పక్కన ఎక్స్‌ఎంపీ (ఎడిటింగ్ వివరాల ఫైల్) ఉంటే మూడూ ఒకే చోటికి పోవాలి, _1 తగిలితే మూడింటికీ తగలాలి. కాబట్టి స్క్రిప్టు ఫైళ్లను ఒక్కొక్కటిగా కాకుండా, ఎక్స్‌టెన్షన్ తీసేసిన పేరుతో గుంపులుగా చేసుకుని, గుంపుకు ఒక తేదీ నిర్ణయించాలి.

ఇంకో డిస్క్‌కు జరిపేటప్పుడు మూవ్ అంటే కాపీ చేసి పాతది తీసేయడమే. సగంలో కరెంటు పోతే అక్కడ సగం ఫైల్ మిగులుతుంది, పేరు మాత్రం నిండుగా ఉంటుంది. మళ్లీ నడిపితే "ఉంది కదా, సైజు వేరు" అని _1 పుట్టిస్తుంది. అందుకని చివర తాత్కాలిక ఎక్స్‌టెన్షన్ పెట్టి కాపీ చేయాలి, హాష్ కలిశాక అసలు పేరుకు మార్చాలి, ఆ తర్వాతే పాతది తీయాలి. గమ్యం ఫోల్డర్ మూలం ఫోల్డర్ లోపల ఉండకూడదు. ఫైళ్ల జాబితా మొత్తం ముందే తయారుచేసుకున్నాకే జరపడం మొదలుపెట్టాలి, లేకపోతే జరిపినవే మళ్లీ ఎదురొస్తాయి.

ఫోల్డర్ పేరు 2024-10-12 అని సంవత్సరంతో మొదలవ్వాలి. 12-10-2024 అని పెడితే అన్ని నెలల 12వ తేదీలు ఒక్కచోట చేరతాయి. తర్వాత మీరు చేత్తో "2024-10-12 దసరా" అని పేరు పొడిగిస్తారు కాబట్టి, స్క్రిప్టు ఫోల్డర్ ఉందా అని పూర్తి పేరుతో కాకుండా మొదటి పది అక్షరాలతో వెతకాలి. అట్లా లేకపోతే మరోసారి నడిపినప్పుడు పక్కనే ఒట్టి తేదీతో ఇంకో 2024-10-12 ఫోల్డర్ వస్తుంది. తెలుగు పేర్లతో ఇంకో తంటా ఉంది. "సాగర్" అని ఒక కీబోర్డు మామూలుగా రాస్తుంది, ఇంకోటి చివర కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను కలుపుతుంది. కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు ఫోల్డర్లు. తేదీతో పోల్చడానికి ఇది కూడా ఒక కారణమే.

ఏదీ జరపకుండా, ఏం జరపబోతోందో సీఎస్‌వీలో (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైల్) రాసే ఉత్తుత్తి పరుగు మొదట ఉండాలి. పాత దారి, కొత్త దారి, తేదీ, ఆ తేదీ ఎక్కడిది: ఎగ్జిఫ్, పేరు, వాట్సాప్, ఫైల్. ఈ నాలుగో గడి చాలా ముఖ్యం. ఎక్సెల్‌లో దాని మీద ఫిల్టర్ పెట్టి "ఫైల్" అని వచ్చినవి మాత్రమే చూస్తే అనుమానం ఉన్నవన్నీ ఒకేచోట దొరుకుతాయి. సీఎస్‌వీని పైథాన్‌లో యూటీఎఫ్-8-సిగ్ ఎన్‌కోడింగ్‌తో రాయండి. ఒట్టి యూటీఎఫ్-8 అయితే ఎక్సెల్ తెరిచినప్పుడు తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతలవుతాయి.

ఇవన్నీ రాసుకునే ఓపిక లేకపోతే ఫిల్ హార్వీ రాసిన ఎగ్జిఫ్‌టూల్ ఉచితంగా దొరుకుతుంది. డైరెక్టరీ అనే ట్యాగ్‌కు తేదీని అప్పజెబితే ఒక్క కమాండ్‌తో సర్దుతుంది, ఉన్న ఫైల్ మీద రాయదు. నాలుగు గంటల గీత, వాట్సాప్ చెట్టు, జంటల లెక్క మాత్రం మీరే చూసుకోవాలి.

అసలు పరుగు తర్వాత సీఎస్‌వీని దాచుకోండి. తేడా వస్తే కొత్త దారి నుంచి పాత దారికి కింది వరుస నుంచి పైకి జరుపుతూ పోయే పది లైన్ల స్క్రిప్టు చాలు. మూలంలో మొదట ఉన్న ఫైళ్ల సంఖ్య, గమ్యం, డబుల్, తేదీ లేనివి మూడూ కలిపిన సంఖ్య సమానం కావాలి. గమ్యంలో ముందే ఫోటోలు ఉంటే ఆ లెక్క తీసేసి చూడాలి. ఆ సంఖ్య కలిసేదాకా ఫోన్‌లోంచి, మెమరీ కార్డులోంచి ఏదీ డిలీట్ చేయకండి.