లైను ఎంత పొడుగైనా లోపల సీ-నాటే

కాకతీయలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు బానాక్ స్పేసులు (కూడుకోగలిగి, ఒక్కోదాని సైజు కొలవగలిగే అనుక్రమాల, ప్రమేయాల లోకాలు) పరీక్ష మందం చదివిన. ఇప్పుడు హనుమకొండలో ఇంటర్ పిల్లలకు అవధులు చెప్పుకుంటూ, రాత్రిపూట మళ్లీ అవే పట్టుకున్న. ఎప్‌సెట్‌కు (పాత ఎంసెట్) పనికిరావు, అదే హాయి.

నాకు బాగా నచ్చినవి క్రమసంఖ్యల (లైనులో స్థానాలను అనంతం దాటి కూడా లెక్కించే సంఖ్యల) మీద కట్టిన స్పేసులు. శివరాత్రి రోజు వేయిస్తంభాల గుడి ముందు లైను అనుకోండి. అంతులేకుండా జనం, వాళ్లందరి వెనక ఇంకొకాయన. ఆయన స్థానం పేరు ఒమేగా. ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య ఇయ్యాలి. ముందున్నవాళ్ల సంఖ్యలు పోను పోను చివరాయన సంఖ్యకు చేరువ కావాలి, అంతే షరతు. ఇట్లా ఇయ్యగలిగిన వరసలన్నీ కలిస్తే ఆ లైను మీది స్పేస్.

4, 3½, 3⅓, 3¼... చివర 3 అనుకుందాం. ఆ 3ను తెచ్చి అందరికంటే ముందు పెట్టి, మిగతావాటిలోంచి 3 తీసేయండి: 3, 1, ½, ⅓, ¼... సున్నాకు పోయే అనుక్రమం వచ్చింది. అట్లాంటివన్నీ కలిస్తే సీ-నాట్ స్పేస్. ఈ మార్పిడిలో నార్మ్ (వరసలో, గుర్తు వదిలేస్తే, అన్నిటికంటే పెద్ద సైజు) రెండింతలకు మించి పెరగదు, సగం కంటే తగ్గదు. కాబట్టి రెండు స్పేసులూ ఒకటే కింద లెక్క.

ఒమేగా వర్గం (ఒమేగా లైన్లే ఒకదాని వెనక ఒకటి అంతులేకుండా), ఘనం దాకా ఇట్లనే నడుస్తది. కాని ఘాతం పెరిగినకొద్దీ, ఎంత తెలివిగా మార్చినా, నార్మ్ సాగుడు ఎక్కువైతనే ఉంటది. ఒమేగా ఘాతం ఒమేగా దగ్గర ఇక కుదరదు, అక్కడ పుట్టేది కొత్త స్పేస్. పోలండ్ గణితవేత్తలు బెస్సాగా, పెల్చిన్‌స్కీ 1960లో తేల్చిన సంగతి ఇది.

అయినా ఆ కొత్త స్పేసులో అనంత పరిమాణాల సంవృత సబ్‌స్పేస్ (లోపలి చిన్న స్పేస్) ఏది తీసినా, లోపల సీ-నాట్ నకలు దొరుకుతది! కారణం లైనులోనే ఉంది. అందులోంచి ఏ గుంపును విడదీసినా దానికి మొదటి మనిషి ఒకరు ఉంటారు, గుంపులో మిగతావాళ్లు పోను పోను ఆయనకు చేరువ కారు. సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న అంతరంలో ఆ సుఖం లేదు. అందుకే దాని మీది అవిచ్ఛిన్న ప్రమేయాల స్పేసులో సెపరబుల్ (లెక్కపెట్టగలిగినన్ని బిందువులతోనే ఎక్కడికైనా ఎంత దగ్గరగానైనా చేరగలిగే) బానాక్ స్పేసులన్నీ ఇమిడిపోతయి.

లెక్కపెట్టలేనంత పొడుగు లైనుల్లో మొదటిది ఒమేగా-వన్. అక్కడా ప్రతి సబ్‌స్పేసులో సీ-నాటే. కాని సీ-నాట్ తన జంటతో (రెండు నకళ్లు పక్కపక్కన పెట్టిన స్పేసుతో) సరిపోతది, ఈ స్పేస్ సరిపోదు. గణితవేత్త సెమదేని 1960లో చూపిండు. డ్యుయల్ (స్పేస్ మీది అవిచ్ఛిన్న రేఖీయ ప్రమేయాల స్పేస్) వైపు నుంచి కట్టిన ఒక కొలత ఒంటి స్పేసుకు 1 వస్తది, జంటకు 2.