రెండోసారి చెయ్యి వేసినప్పుడు

పెద్దవాళ్లకు బైబిల్ స్టడీ అంటే మన సంఘాల్లో చాలాచోట్ల ఒకటే పద్ధతి. మార్కు సువార్తకు 16 అధ్యాయాలు, కాబట్టి 16 వారాలు. వారానికో అధ్యాయం చదవడం, ఖాళీలు పూరించడం, చివర్లో క్విజ్. గెరాసేనుల దేశంలో ఎన్ని పందులు సముద్రంలో పడ్డాయని అడిగితే ఇంచుమించు రెండు వేలని అందరూ ఠక్కున చెప్తారు. జవాబు కరెక్టే, మార్కులూ పడతాయి. కానీ పిల్లల్ని పెంచి, అప్పులు తీర్చి, అయినవాళ్లను మట్టి చేసి వచ్చిన మనుషులం మనం. మనల్ని కూర్చోబెట్టి సువార్తలోంచి లెక్కలు అడిగి పంపించేయడం ఎంత అన్యాయమో!

అధ్యాయాల గీతలు మార్కు గీసినవి కావు. అవి 13వ శతాబ్దంలో వచ్చాయి, కొత్త నిబంధనలో ఇప్పుడు మనం చూసే వచనాల అంకెలు 1551లో చేరాయి. రెఫరెన్సు చూసుకోవడానికి అవి మంచివే. కానీ 8:22 (8వ అధ్యాయం, 22వ వచనం) దగ్గర మొదలయ్యే నడక 10:52 దాకా ఆగదు. దాన్ని మూడు వారాలకు ముక్కలు చేస్తే అందులోని ప్రాణం పోతుంది.

ఆ నడకకు ఈ చివర బేత్సయిదాలో ఒక గ్రుడ్డివాడు, ఆ చివర యెరికోలో బర్తిమయి అనే గ్రుడ్డి భిక్షగాడు. మధ్యలో యేసు ప్రభువు తాను పడబోయే శ్రమల గురించి, మరణం గురించి మూడుసార్లు చెప్తారు: 8:31, 9:31, 10:33. మూడుసార్లూ శిష్యులకు తలకెక్కదు. మొదటిసారి పేతురు ఆయన్నే గద్దిస్తాడు. రెండోసారి అయ్యాక, మనలో ఎవడు గొప్పవాడని దారి పొడవునా వాదించుకుంటారు. మూడోసారి చెప్పిన మాట ఇంకా చెవిలో ఉండగానే జెబెదయి కుమారులు యాకోబు, యోహాను సీట్లు అడుగుతారు.

ఇప్పుడు బేత్సయిదాకు రండి. ఈ స్వస్థత మార్కులో తప్ప ఇంకే సువార్తలోనూ లేదు. ప్రభువు వాడి చెయ్యి పట్టుకుని ఊరి బయటికి తీసుకెళ్తారు. ఊళ్లోనే, నలుగురి ముందే చేయొచ్చు కదా, చేయరు. కళ్లమీద ఉమ్మి, చేతులుంచి, ఏమైనా కనబడుతున్నదా అని అడుగుతారు. మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనబడుతున్నారంటాడు వాడు. అప్పుడు మళ్లీ చేతులు వేస్తారు. ఈ 'మళ్లీ' దగ్గర చాలామంది బోధకులు ఇబ్బందిపడి గబగబా దాటేస్తారు, ప్రభువు శక్తికి ఏదో లోటు చెప్పినట్టవుతుందని. కాస్త వెనక్కి, 8:18 చూడండి. పడవలో శిష్యుల్ని ఆయన అడిగింది ఇదే: "మీరు కన్నులుండియు చూడరా?" కాస్త ముందుకు, 8:29 చూడండి. "నీవు క్రీస్తువు" అని పేతురు చెప్పేస్తాడు. మూడు వచనాలు తిరక్కుండానే ఆయన్ని సిలువ దారిలోంచి తప్పించబోతాడు. పేతురుకు చూపు వచ్చింది, కానీ చెట్లే కనబడుతున్నాయి. ఆ గ్రుడ్డివాడిలో మార్కు మనకు చూపిస్తున్నది శిష్యులనే అని నేను గట్టిగా నమ్ముతాను.

మా కూటంలో ఈ భాగం చదివినప్పుడు చదువు రాని ఒక మామ్మగారు అందుకున్నారు. "నాకు శుక్లాల ఆపరేషనయ్యాక పట్టీ తీసిన రోజున మా కోడలు కూడా మసగ్గానే కనబడిందమ్మా. ఇంతేనేమో, ఇక ఇలాగే బతకాలేమోనని ఎంత టెన్షన్ పడ్డానో. ఈయనెవరో నయం, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు." ఆ మాటతో నా కళ్లు తెరుచుకున్నాయి. వాడు ప్రభువు దగ్గర మొహమాటపడలేదు. అంతా బాగానే కనబడుతోంది, స్తోత్రం అని సాక్ష్యం చెప్పేసి వెళ్లిపోలేదు. మనం మాత్రం సగం చూపుతోనే 30 ఏళ్లు సంఘంలో పెద్దరికం చేసేస్తాం.

ఇక 10వ అధ్యాయంలో ప్రభువు ఒకే ప్రశ్న రెండుసార్లు అడుగుతారు. నేను మీకేమి చేయాలని కోరుతున్నారని యాకోబు యోహానులను. నేను నీకేమి చేయాలని బర్తిమయిని. ఆ అన్నదమ్ములు ఆయన మహిమలో కుడివైపు ఒక చోటు, ఎడమవైపు ఒక చోటు అడిగారు. ఆ రెండు చోట్లలో చివరికి ఎవరున్నారో 15:27లో చూడండి: సిలువమీద ఇద్దరు బందిపోటు దొంగలు. ఏమి అడుగుతున్నారో మీకు తెలియదని ప్రభువు ఊరికే అనలేదు. కమిటీ ఎన్నికలకు ముందు, స్టేజీ మీద ఎవరి కుర్చీ ఎక్కడ వేయాలనే గొడవకు ముందు ఈ రెండు వచనాలు పక్కపక్కన పెట్టి చదవండి సోదరులారా.

బర్తిమయి చూపు అడిగాడు. అంతకు ముందే పైబట్ట పారేసి దిగ్గున లేచాడు. బీదవాడి పైబట్ట కుదువ పెట్టించుకుంటే పొద్దు గుంకేలోగా తిరిగి ఇచ్చేయాలని నిర్గమకాండం 22లో ఉంది, రాత్రి కప్పుకోవడానికి వాడికి ఉన్నది అదొక్కటే కనుక. ఇదే అధ్యాయంలో ఇంతకు ముందు ఒక ఆస్తిపరుడు తనకున్నది వదల్లేక దుఃఖపడుతూ వెళ్లిపోయాడు. ఈ భిక్షగాడు ఉన్న ఒక్కటీ వదిలేసి వచ్చాడు. నీవు వెళ్లుమని ప్రభువు పంపినా ఇంటికి పోలేదు, ఆయన వెంటే దారి పట్టాడు. అది ఏ దారి? సముద్ర మట్టానికి కిందనున్న యెరికో నుంచి యెరూషలేముకు, సుమారు వెయ్యి మీటర్ల ఎక్కుడు. ప్రభువు ముందు నడుస్తుంటే వెనక వచ్చేవాళ్లు భయపడ్డారని 10:32 చెప్పిన దారి.

అందుకని ఒక్కసారి ఇలా చేయండి. ఖాళీల కాగితం పక్కన పెట్టండి, వ్యాఖ్యానాలు తర్వాత తెరవొచ్చు. 8:22 నుంచి 10:52 దాకా ఒకరు బిగ్గరగా చదవండి, మిగతావాళ్లు వినండి. అరగంట పట్టదు. చదవడం రానివాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి, మొదట వాళ్లనే మాట్లాడనివ్వండి. తర్వాత ప్రభువు ప్రశ్న ఎవరికి వాళ్లు వేసుకుని, జవాబు ఆయనకే చెప్పుకోండి. తర్వాతి వారం 11వ అధ్యాయంలో ప్రభువు యెరూషలేములోకి వెళ్లే భాగం చదివేటప్పుడు, ఆయన వెంట నడిచే జనంలో బర్తిమయి కూడా ఉన్నాడని గుర్తుంచుకుని మొదలుపెట్టండి.